నెట్ నెమ్మదిగా ఉన్నచోట సీసీ కెమెరాను ఫోనులో చూడడం: గోదావరి డెల్టా వారు తరచుగా అడిగే ప్రశ్నలు

రొయ్యల చెరువు గట్టు, రైస్ మిల్లు గేటు, కొబ్బరికాయల షెడ్డు, పిల్లలు గల్ఫ్‌కు వెళ్లగా పెద్దవాళ్లిద్దరే మిగిలిన ఇల్లు. డెల్టాలో ఇప్పుడు కెమెరా ఎక్కని స్తంభం అరుదు. బిగించినవారు డబ్బు తీసుకుని వెళ్లేదాకా బొమ్మ బాగానే వస్తుంది. ఆ రాత్రి ఇంటికి వెళ్లి ఫోను తెరిస్తే చక్రం తిరుగుతూనే ఉంటుంది. ఆ చక్రం గురించి అమలాపురం నుంచి ఆకివీడు దాకా మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్నలివి. ఇక్కడ చెప్పిన మార్పుల్లో చాలావాటికి పైసా ఖర్చు లేదు, సెట్టింగుల్లో నాలుగు అంకెలు మార్చడమే. కొత్త కెమెరాకు, పెద్ద రీచార్జికి డబ్బు తీసే ముందు ఒకసారి చదవండి.

ఇంట్లో నా ఫోనుకు 5జీ వస్తోంది, సినిమాలు ఆగకుండా ఆడుతున్నాయి. చెరువు కెమెరా మాత్రం ఎందుకు తెరుచుకోదు?

ఇక్కడ కష్టపడాల్సింది మీ ఫోను నెట్ కాదు, చెరువు దగ్గరున్న సిమ్. మీరు బొమ్మను దింపుకుంటారు, ఆ సిమ్ దాన్ని ఎక్కించాలి. దింపుకునే వేగం డౌన్‌లోడ్, ఎక్కించే వేగం అప్‌లోడ్. ప్రకటనల్లో ఊదరగొట్టేదంతా మొదటిదాని గురించే. మొబైల్ నెట్‌వర్కులు కూడా దానికే ఎక్కువ చోటు కేటాయిస్తాయి. పైగా టవరు పదుల వాట్ల శక్తితో ప్రసారం చేస్తుంది, సిమ్ వేసిన రౌటరుకు ఉన్నది దాదాపు 0.2 వాట్ మాత్రమే. టవరుకు దూరం పెరిగేకొద్దీ ముందుగా కుంటుపడేది అప్‌లోడే. కాట్రేనికోన, సఖినేటిపల్లి, మొగల్తూరు లాంటి సముద్రం వైపు మండలాల్లో చెరువులు ఊళ్లకు దూరంగా ఉంటాయి కాబట్టి ఈ ఫిర్యాదు అక్కడ ఎక్కువగా వినిపిస్తుంది.

“గీతలు నాలుగూ నిండుగా ఉన్నాయి కదా” అంటారు. ఆ గీతలు టవరు మాట మీకు ఎంత బాగా అందుతోందో చెబుతాయి. మీ మాట టవరుకు అందుతోందో లేదో చెప్పవు.

మరి చెరువు దగ్గర వేగం ఎంతుందో ఎలా తెలుసుకోవాలి?

రౌటరులో వేయబోయే సిమ్‌నే ఫోనులో వేసి, కెమెరా ఉండే చోటే నిలబడి, వేగం కొలిచే యాప్ ఏదైనా తెరవండి. డౌన్‌లోడ్ అంకె పక్కన పెట్టి అప్‌లోడ్ అంకె రాసుకోండి. పొద్దున ఒకసారి, రాత్రి 8 గంటల ప్రాంతంలో ఒకసారి చూడండి. సాయంత్రం 7 నుంచి 10 దాకా ఊరంతా ఫోన్ల మీదే ఉంటుంది, తెల్లవారుజామున అదే టవరు ఖాళీగా ఉంటుంది. రాత్రి వచ్చిన అంకెలో సగమే మీదనుకోండి. రాత్రి 1 ఎంబీపీఎస్ (సెకనుకు పది లక్షల బిట్లు, అంటే 1,000 కేబీపీఎస్) వస్తే కెమెరాకు 500 కేబీపీఎస్ మించి అప్పగించవద్దు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. వేగాన్ని బిట్లలో చెబుతారు, డేటా ప్లాన్లను బైట్లలో అమ్ముతారు. 8 బిట్లు ఒక బైటు. అందుకే 1 ఎంబీపీఎస్ అంటే సెకనుకు ఒక ఎంబీ కాదు, 8 సెకన్లకు ఒక ఎంబీ.

మెయిన్ స్ట్రీమ్, సబ్ స్ట్రీమ్ అంటే ఏమిటి? ఏది పెట్టుకోవాలి?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

ఈ రోజుల్లో దాదాపు ప్రతి కెమెరా, ప్రతి డీవీఆర్ (కెమెరాల దృశ్యాలను రికార్డు చేసే పెట్టె) ఒకే దృశ్యాన్ని రెండు రకాలుగా తయారు చేస్తుంది. ఒకటి నిండు బొమ్మ, అది మెయిన్ స్ట్రీమ్. 1080పీ కెమెరా అయితే సాధారణంగా 2 నుంచి 4 ఎంబీపీఎస్ దాకా అడుగుతుంది. రెండోది చిన్న బొమ్మ, అది సబ్ స్ట్రీమ్. 640 బై 360 ప్రాంతంలో ఉండి 200 నుంచి 500 కేబీపీఎస్‌తో సరిపెట్టుకుంటుంది. మెమరీ కార్డులోకో హార్డ్ డిస్కులోకో పోవాల్సింది మొదటిది, గాలిలో ప్రయాణించి మీ ఫోనుకు రావాల్సింది రెండోది. రికార్డింగు నిండుగానే జరుగుతుంది, మీరు దూరం నుంచి చూసేది మాత్రమే చిన్నది. రేపు ఎవరి ముఖమో, ఏ బండి నంబరో కావాల్సి వస్తే కార్డులో నిండు బొమ్మ ఉంటుంది.

యాప్‌లో దీన్ని ఒక్కో కంపెనీ ఒక్కోలా పిలుస్తుంది. హెచ్‌డీ, ఎస్‌డీ అని ఉంటే ఎస్‌డీ ఎంచుకోండి. ఫ్లూయెంట్, స్మూత్, బేసిక్ అని ఉంటే అవన్నీ సబ్ స్ట్రీమ్‌లే. కొన్ని యాప్‌లు ఒక్క కెమెరాను పూర్తి తెరకు పెంచగానే అడగకుండానే హెచ్‌డీలోకి మారిపోతాయి. నాలుగు కెమెరాలు చిన్న గళ్లలో చక్కగా ఆడుతూ, ఒకదాన్ని నొక్కగానే ఆగిపోయే రోగానికి మూలం ఇదే.

సబ్ స్ట్రీమ్‌లో అంకెలు ఎంతెంత పెట్టాలి?

చెరువు, తోట, గోదాము లాంటి చోట్లకు నా లెక్క ఇది: సైజు 640 బై 360, సెకనుకు 8 ఫ్రేములు, బిట్‌రేటు 192 లేదా 256 కేబీపీఎస్. సెకనుకు 25 ఫ్రేములు పరుగు పందేనికి కావాలి, గట్టు మీద మనిషి నడిచి వస్తున్నాడో లేదో చూడడానికి 8 చాలు.

కుదింపు పద్ధతి అడిగితే హెచ్.265 ఎంచుకోండి. 2003లో వచ్చిన హెచ్.264తో పోలిస్తే 2013లో వచ్చిన ఈ పద్ధతి అదే నాణ్యతకు సుమారు సగం బిట్లతో పని కానిస్తుంది. మీ ఫోను బాగా పాతదై బొమ్మ నల్లగా వస్తే మాత్రం సబ్ స్ట్రీమ్ వరకు హెచ్.264కు తిరిగి వెళ్లండి.

ఐ ఫ్రేమ్ ఇంటర్వెల్ అని ఇంకో గడి ఉంటుంది. వీడియోలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ వస్తుంది, మధ్యలో వచ్చేవి మారిన భాగాలు మాత్రమే. ఆ పూర్తి బొమ్మే ఐ ఫ్రేమ్. అది వచ్చేదాకా ఫోనులో ఏమీ కనిపించదు. 8 ఫ్రేముల వేగానికి ఈ అంకె 16 పెడితే ప్రతి 2 సెకన్లకు ఒకటి వస్తుంది. 100 పెడితే డేటా కొంచెం మిగులుతుంది కానీ తెరిచిన ప్రతిసారీ పన్నెండు సెకన్ల దాకా ఎదురుచూడాలి, మధ్యలో ఏదైనా ముక్క జారిపోతే బొమ్మ బూడిద రంగు మరకలుగా సాగిపోతుంది.

ఎవరూ చూడని గడి శబ్దం. చాలా కెమెరాలు జీ.711 పద్ధతిలో శబ్దం పంపుతాయి, దానికి ఒక్కదానికే 64 కేబీపీఎస్ కావాలి. బొమ్మకే 192 ఇచ్చి, చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్ల రొద వినడానికి 64 ఖర్చు పెట్టడం దండగ. ఆపేయండి. మాటలు వినాల్సిన చోట మాత్రం ఉంచుకోండి.

8 మెగాపిక్సెల్ కెమెరా కొంటే ఫోనులో బాగా కనిపిస్తుందా?

కనిపించదు. ఇరుకు దారిలోంచి వచ్చేది ఎలాగూ సబ్ స్ట్రీమే. ఆ డబ్బు యాంటెన్నాకో, బ్యాటరీకో పెట్టండి.

రోజుకు 1.5 జీబీ ప్లాన్ ఉంది. ఎంతసేపు చూడవచ్చు?

192 కేబీపీఎస్ అయితే గంటకు సుమారు 86 ఎంబీ, అంటే 17 గంటలు. 512 అయితే గంటకు 230 ఎంబీ, ఆరున్నర గంటలు. 2 ఎంబీపీఎస్ మెయిన్ స్ట్రీమ్ అయితే గంటకు 900 ఎంబీ, అంటే గంటా నలభై నిమిషాల్లో ఆనాటి డేటా పూర్తవుతుంది. 4 ఎంబీపీఎస్ అయితే గంట కూడా రాదు.

చూసినంతసేపూ డేటా రెండు చోట్ల ఖర్చవుతుందని మరిచిపోకండి. చెరువు సిమ్‌లో ఎక్కించినందుకు, మీ సిమ్‌లో దింపుకున్నందుకు. ఎవరూ చూడని వేళ కెమెరా వాడే డేటా చాలా తక్కువ, అయితే క్లౌడ్ రికార్డింగు (వీడియోను నెట్ మీదుగా కంపెనీ సర్వరులో దాచడం) ఆన్ చేసి ఉండకూడదు. అది ఆన్‌లో ఉంటే మీరు నిద్రపోతున్నా ఎక్కిస్తూనే ఉంటుంది. మొబైల్ సిమ్ మీద ఇరవై నాలుగు గంటల క్లౌడ్ రికార్డింగు పెట్టమని ఎవరైనా సలహా ఇస్తే, రీచార్జి వారినే చేయించమని అడగండి.

ఆనాటి డేటా అయిపోయాక ఏమైనా కనిపిస్తుందా?

చాలా ప్లాన్లలో రోజు వాటా అయిపోగానే వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. వీడియో మీద ఆశ వదులుకోండి, ఫోటో మాత్రం వస్తుంది. 640 బై 360 సైజు ఫోటో ఒకటి సుమారు 40 కిలోబైట్లు ఉంటుంది, 64 కేబీపీఎస్‌లో అది 5 సెకన్ల పని. యాప్‌లో స్నాప్‌షాట్ సౌకర్యం ఉందో లేదో కొనేముందే చూసుకోండి. పది నిమిషాలకు ఒక ఫోటో ఈమెయిల్‌కు పంపేలా పెట్టుకునే వీలు కూడా చాలా కెమెరాల్లో ఉంటుంది. రాత్రంతా వీడియో చూస్తూ కూర్చునే రైతును నేనైతే చూడలేదు. ఏరియేటర్లు ఆడుతున్నాయా, షెడ్డులో లైటు ఉందా, గట్టు మీద ఎవరైనా ఉన్నారా అన్న మూడు ప్రశ్నలకు ఫోటోయే చాలినంత జవాబు.

అన్నదమ్ములం ముగ్గురం ఒకేసారి చూస్తే ఎవరికీ రావడం లేదు. కెమెరా పాడైందా?

పాడవలేదు. చూసే ప్రతి ఫోనుకు కెమెరా సాధారణంగా విడిగా ఒక స్ట్రీమ్ ఎక్కిస్తుంది. ముగ్గురు చూస్తే మూడింతలు, అందులో ఒకరు నాలుగు కెమెరాల గళ్లు తెరిస్తే అవి వేరే. యాప్‌ను పక్కకు తోసి మరిచిపోయిన ఫోను కూడా కొన్నిసార్లు లెక్కలోకి వస్తుంది. చూశాక పూర్తిగా మూసేయమని ఇంట్లో అందరికీ చెప్పండి. వేళలు పంచుకుంటే ఇంకా మంచిది.

పగలు బాగానే వస్తుంది, చీకటి పడగానే ముక్కలు ముక్కలవుతుంది. ఎందుకు?

రెండు కారణాలు. ఒకటి, పైన చెప్పిన సాయంత్రపు రద్దీ. రెండోది కెమెరాలోనే ఉంది. చీకట్లో బొమ్మ మీద సన్నని చుక్కలు నిరంతరం కదులుతుంటాయి. కుదింపు పద్ధతికి ఆ చుక్కలూ కదలికే, వాటినీ పంపాలని చూసి బిట్లు మింగుతుంది. బిట్‌రేటును వీబీఆర్‌లో (దృశ్యాన్ని బట్టి మారే పద్ధతి) వదిలేస్తే రాత్రి అది పైకి ఎగబాకుతుంది. నెమ్మది నెట్‌లో సీబీఆర్ (ఎప్పుడూ ఒకే బిట్‌రేటు) పెట్టండి, లేదా వీబీఆర్‌కు గరిష్ఠ హద్దు బిగించండి.

ఇక చెరువు దగ్గర పురుగులు. కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ దీపాల కాంతికి, వేడికి అవి కళ్లం మీద పిట్టల్లా మూగుతాయి, వాటి కోసం సాలీడు లెన్సు ముందే గూడు అల్లుతుంది. ఆ ఒక్క పోగు తెల్లటి తాడులా ఊగుతూ సగం బొమ్మను కప్పేస్తుంది. కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ ఆపేసి, నాలుగైదు మీటర్ల పక్కన విడిగా ఒక దీపం పెడితే పురుగులు దాని దగ్గరికి పోతాయి. వారానికొకసారి మేత వేసే కుర్రాడి చేత గుడ్డతో తుడిపిస్తే మిగతాది సర్దుకుంటుంది.

రాత్రికి వందల అలర్టులు వస్తున్నాయి. విసుగొచ్చి ఆపేశాను. దారి ఉందా?

ఉంది. నీటిని కదలిక గీత బయట పెట్టండి. ఏరియేటరు తెడ్లు నీటిని చిమ్ముతున్నంతసేపూ కెమెరా దృష్టిలో అది కదలికే. సెట్టింగుల్లో మోషన్ ఏరియా గళ్లు ఉంటాయి. చెరువంతా చెరిపేసి గట్టు, గేటు, మోటారు షెడ్డు తలుపు మాత్రమే ఉంచండి. కొబ్బరాకు ఊగే మూల కూడా వదిలేయండి. మనిషిని గుర్తించే సౌకర్యం ఉంటే అదొక్కటే ఆన్ చేసి, మామూలు మోషన్ ఆపేయండి. అలర్టుతో పాటు వీడియో కాకుండా ఫోటో వచ్చేలా పెట్టండి.

ఆండ్రాయిడ్ ఫోనుల్లో బ్యాటరీ ఆదా చేసే సెట్టింగు యాప్‌ను నిద్రపుచ్చుతుంది, అలర్టు తెల్లారాక వస్తుంది. ఆ యాప్‌కు మినహాయింపు ఇవ్వండి.

కరెంటు పోయి ఏరియేటర్లు ఆగితే కెమెరాలో తెలుస్తుందా?

కెమెరాను నమ్ముకుని పడుకోకండి. రాత్రంతా రొయ్యలతో పాటు నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ పీలుస్తుంది కాబట్టి డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) తెల్లవారుజామునే అట్టడుగుకు చేరుతుంది. ఆ వేళ ఏరియేటర్లు ఆగితే మీకు దొరికే సమయం చాలా కొద్ది. ఆ వేళకు మీరు యాప్ తెరిచి, చక్రం తిరిగి, బొమ్మ వచ్చి, అప్పుడు తెలుసుకోవడం పద్ధతి కాదు. కరెంటు పోగానే ఫోను చేసి, ఎస్ఎంఎస్ పంపే పెట్టె ముందు పెట్టండి. డేటా ఆడని చోట కూడా ఎస్ఎంఎస్ వెళ్తుంది, కాల్ మోగుతుంది. ఇలాంటి పెట్టెల్లో చాలావరకు 2జీ మీద పనిచేసేవే. జియోకు 2జీ లేదు, కాబట్టి ఆ సిమ్ వాటిలో మూగబోతుంది. 2జీ నడిపే ఎయిర్‌టెల్, వీఐ లాంటి సిమ్ వేయండి, లేదా 4జీ పెట్టె అడిగి తీసుకోండి.

పెట్టె పెట్టాక కెమెరాకు ఉన్న పని రెండో సాక్ష్యం చెప్పడం. ఫోను మోగింది, జనరేటరు వేశామని కాపలాదారు చెప్పాడు, నిజంగా తెడ్లు తిరుగుతున్నాయా? దీనికి నిండు బొమ్మ అక్కర్లేదు. ఏరియేటరు ఆడుతుంటే నీటి మీద తెల్లటి నురగ మచ్చ చిన్న బొమ్మలో కూడా తెలుస్తుంది. కెమెరాను చెరువు మధ్యకు కాకుండా కనీసం రెండు ఏరియేటర్ల నురగ, స్టార్టర్ పెట్టె మీది ఇండికేటర్ బల్బులు ఒకే చట్రంలో పడేలా తిప్పండి. బల్బు వెలుగుతూ నురగ లేకపోతే కరెంటు ఉంది, మోటారు ఆగింది. బల్బూ నురగా రెండూ లేకపోతే జనరేటరు ఇంకా వేయలేదు. కాపలాదారుకు ఏం చెప్పాలో ఆ ఒక్క చూపులో తేలిపోతుంది.

ఇవన్నీ కెమెరాకు, రౌటరుకు కరెంటు ఉంటేనే. రెండూ కలిపి పది పదిహేను వాట్లు మించవు. 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఉన్న చిన్న యూపీఎస్ నాలుగైదు గంటలు లాగుతుంది. కరెంటు మరీ ఎక్కువసేపు లేకపోతే టవరు బ్యాటరీ కూడా అయిపోవచ్చు. తుపాను రోజుల్లో ఫోనులో చూస్తూ కూర్చోకుండా మనిషిని చెరువు దగ్గర ఉంచడమే దారి.

కొబ్బరితోట మధ్యలో సిగ్నల్ చచ్చిపోతోంది. యాంటెన్నా పెడితే వస్తుందా?

వస్తుంది, చోటు సరిగ్గా ఎంచుకుంటేనే. ఆకుల్లోని నీరు రేడియో తరంగాలను పీల్చేస్తుంది, వానలో తడిసిన తోట ఇంకా పీలుస్తుంది. కొబ్బరిచెట్ల తలలకంటే ఎత్తున గొట్టం పాతడం అందరి వల్లా అయ్యే పని కాదు. అందుకే ఎత్తుకు కాదు, పక్కకు వెళ్లండి. తోట అంచుకో, కాలువగట్టుకో, వరిచేను ఎదురుగా ఉన్న మూలకో రౌటరును జరిపితే మధ్యలో ఆకులుండవు. డెల్టా నేల బల్లపరుపు కాబట్టి చెట్లు అడ్డం తొలగితే టవరు దాదాపు నేరుగానే కనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది రౌటరును షెడ్డులో ఉంచి, పది మీటర్ల సన్నటి యాంటెన్నా తీగ లాగుతారు. యాంటెన్నా తెచ్చిన లాభమంతా ఆ తీగే తినేస్తుంది. తిప్పి చేయండి: బయట వాడే 4జీ రౌటరును స్తంభం మీదే, యాంటెన్నా పక్కనే బిగించి, అక్కడి నుంచి షెడ్డుకు ఈథర్నెట్ కేబుల్ లాగండి. అది 100 మీటర్ల దాకా నష్టం లేకుండా పోతుంది, కరెంటు కూడా అందులోనే పంపవచ్చు.

రౌటరు పేజీలో ఆర్‌ఎస్‌ఆర్‌పీ అనే అంకె ఉంటుంది, మైనస్‌లో. అది సిగ్నల్ బలం, సున్నాకు ఎంత దగ్గరైతే అంత మంచిది. మైనస్ 90 కంటే మెరుగ్గా ఉంటే హాయి. మైనస్ 105 దాటితే అప్‌లోడ్ తడబడుతుంది, మైనస్ 115 దాటితే వీడియో మాట మరిచిపోయి ఫోటోలతో సరిపెట్టుకోవాలి. యాంటెన్నాను కొద్దికొద్దిగా తిప్పుతూ ఈ అంకెనే చూడండి, గీతలను కాదు.

అంతర్వేది, ఓడలరేవు, పేరుపాలెం వైపు ఉప్పుగాలికి కనెక్టర్లు త్వరగా పచ్చబడతాయి. బిగించిన రోజే నీరు చొరని రబ్బరు టేపు చుట్టించండి. పిడుగుల కాలానికి ఎర్తింగు, సర్జ్ ప్రొటెక్టరు పెట్టించండి.

ఇంటికి ఫైబర్ ఉంది, చెరువు కిలోమీటరు దూరం. ఆ నెట్‌ను చెరువుకు తీసుకెళ్లవచ్చా?

దారి తెరిచి ఉంటే ఇంతకంటే మంచి ఉపాయం లేదు. 5 గిగాహెర్ట్జ్ వైర్‌లెస్ బ్రిడ్జి జత ఒకటి ఇంటి డాబా మీద, ఒకటి చెరువు స్తంభం మీద ఎదురెదురుగా బిగిస్తారు. నెలనెలా డేటా ఖర్చు ఉండదు, ఫైబర్ అప్‌లోడ్ కూడా మొబైల్ సిమ్ కంటే ఎన్నో రెట్లు నయం. షరతు ఒక్కటే: రెండింటి మధ్య చెట్టు ఉండకూడదు. కంటికి కనిపిస్తే చాలదు. కిలోమీటరు దూరంలో మధ్య భాగాన ఆ చూపు గీత చుట్టూ మూడున్నర మీటర్ల దాకా ఖాళీ ఉండాలి. కాలువ వెంట నేరుగా దారి దొరికితే అదృష్టం. ఏపీ ఫైబర్‌నెట్ తీగ స్తంభాల మీదుగా మీ ఊరికి వచ్చి ఉంటే, ఊరి చివరి ఇంటివారితో మాట్లాడుకుని వాళ్ల డాబా వాడుకోవడం కూడా మంచి ఏర్పాటే.

సిమ్ వేసే 4జీ కెమెరా ఆన్‌లైన్‌లో చవగ్గా వస్తోంది. కొనవచ్చా?

బ్యాండ్లు, అంటే ఆ కెమెరా అందుకోగల తరంగాల వరుసలు, చూసి కొనండి. జియో 4జీ 850, 1800, 2300 మెగాహెర్ట్జ్‌ల మీద నడుస్తుంది, అంటే బ్యాండ్ 5, 3, 40. వేరే దేశాల కోసం చేసిన కెమెరాల్లో వీటిలో ఒకటో రెండో ఉండవు, అప్పుడు ఊళ్లో ఆడిన సిమ్ కెమెరాలో ఆడదు. తక్కువ మెగాహెర్ట్జ్ తరంగం దూరం పోతుంది, ఆకులను కూడా కొంత మెరుగ్గా దాటుతుంది కాబట్టి దూరపు చెరువుకు 850, 900 ఉన్నవి ముఖ్యం. ఏ కంపెనీ సిమ్ అన్నది ఊరిని బట్టి కాదు, గట్టును బట్టి మారుతుంది. కొలిచి తీసుకోండి.

సోలార్ కెమెరాలు?

అవి బ్యాటరీ ఆదా కోసం నిద్రపోతూ, వేడి శరీరం కదిలితే మేల్కొంటాయి. ఆ గుర్తింపు సాధారణంగా పది మీటర్ల లోపే. గేటుకు సరే, చెరువంతా కాపలా కాయడానికి కాదు. ముసురు పట్టిన వారంలో చార్జి కూడా దిగిపోతుంది.

పోర్ట్ ఫార్వర్డింగ్ చేసినా బయటి నుంచి తెరుచుకోవడం లేదు.

బయటి నుంచి వచ్చే పిలుపును రౌటరు నేరుగా కెమెరాకు మళ్లించడమే పోర్ట్ ఫార్వర్డింగ్. మొబైల్ సిమ్‌లో అది పనిచేయదు. కంపెనీలు ఒకే పబ్లిక్ చిరునామాను ఎందరో వినియోగదారులకు పంచుతాయి, దాన్ని సీజీనాట్ అంటారు. మీ రౌటరు చిరునామా 10తో గానీ, 100.64 నుంచి 100.127 దాకా ఉన్నవాటితో గానీ మొదలైతే మీరూ అందులోనే ఉన్నట్టు. కెమెరా మీది క్యూఆర్ కోడ్‌తో యాప్‌లో చేర్చే పీ2పీ పద్ధతే దారి. దీనిలో కెమెరాయే బయటికి వెళ్లి కంపెనీ సర్వరును పలకరిస్తుంది. రెండు వైపులా దారి నేరుగా కుదరకపోతే వీడియో ఆ సర్వరు మీదుగా తిరిగి వస్తుంది, అప్పుడు ఇంకాస్త ఆలస్యమవుతుంది.

కువైట్ నుంచి అమ్మానాన్నల ఇల్లు చూడాలి. డ్యూటీ దిగాక చూస్తే ఎప్పుడూ రాదు.

కువైట్‌లో సాయంత్రం 5:30 అయితే ఇక్కడ రాత్రి 8, టవరు మీద అత్యంత రద్దీ వేళ. అక్కడ రాత్రి 9 దాటాక తెరవండి, అప్పటికి ఇక్కడ పదకొండున్నర. మీ వైపు ఎంత గొప్ప నెట్ ఉన్నా ఉపయోగం లేదు, ఇంటి అప్‌లోడే హద్దు. ఇంటికి ఫైబర్ పెట్టించే వీలుంటే దుబారా అనుకోకండి, పెట్టించండి. ఇంకొక మాట: కెమెరాలు వరండాకు, గేటుకు, మెట్లకు చాలు. అమ్మ కూర్చునే గదిలో పెట్టే ముందు ఆమెను అడగండి.

సంక్రాంతికి అసలు పనిచేయలేదు.

హైదరాబాదు, బెంగళూరు వెళ్లినవారంతా ఊళ్లోనే ఉంటారు, పందేల బరుల చుట్టూ జనం వీడియో కాల్స్‌లో ఉంటారు, టవరు మాత్రం పాతదే. ఆ మూడు రోజులూ సబ్ స్ట్రీమ్‌ను 128కి దించి, ఫోటోలతో గడపండి.

వరదకు లంకల్లో కెమెరాలను ఏం చేయాలి?

ధవళేశ్వరం దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులకు, రెండోది 13.75కి, మూడోది 17.75కి ఇస్తారు. మొదటిది రాగానే కింద ఉన్న డీవీఆర్, యూపీఎస్ పైకి ఎక్కించండి. ఒక కెమెరాను మెట్ల వైపు తిప్పి ఉంచితే, నీరు ఎన్నో మెట్టుకు వచ్చిందో గట్టుకు అవతల ఉన్నవారికి చిన్న ఫోటోలో తెలుస్తుంది. మెట్లకు ముందే పెద్ద అంకెలు రంగుతో వేయించండి.

నెట్ పోయినప్పుడు రికార్డింగు ఆగిపోతుందా?

కార్డో, డిస్కో ఉంటే ఆగదు, దానికి నెట్‌తో పని లేదు. 2 ఎంబీపీఎస్ చొప్పున రోజంతా రికార్డు చేస్తే రోజుకు సుమారు 22 జీబీ. 128 జీబీ కార్డులో ఐదు రోజులు నిలుస్తుంది, ఆ తర్వాత పాతది చెరిగి కొత్తది రాస్తుంది. నిఘా కెమెరాల కోసం చేసిన హై ఎండ్యూరెన్స్ కార్డు వాడండి. మామూలు కార్డు ఎడతెగని రాతకు త్వరగా పోతుంది, పోయిన సంగతి అవసరం వచ్చినరోజే తెలుస్తుంది. కరెంటు పోయి వచ్చాక గడియారం తప్పుతోందేమో కూడా చూడండి. టైమ్‌జోన్ ప్లస్ 5:30 పెట్టి, నెట్ నుంచి సమయం తీసుకునేలా ఎన్‌టీపీ ఆన్ చేయండి.

పాత రికార్డింగును దూరం నుంచి వెతకాలంటే మొదటి నుంచి ఆడించకండి. కాలరేఖ మీద కదలిక గుర్తులున్న చోటికే దూకండి. పొడవాటి వీడియో కావాలంటే చెరువు దగ్గరికి వెళ్లి, అక్కడి వైఫైలో దింపుకోండి.

పాస్‌వర్డ్ మార్చాలా? మా చెరువు ఎవరు చూస్తారు?

మీ చెరువును చూడాలని కాదు, మీ కెమెరాను వాడుకోవాలని వస్తారు. 2016లో మిరాయ్ అనే వైరస్, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌లు మార్చని కెమెరాలను, రౌటర్లను లక్షల్లో లొంగదీసుకుని పెద్ద పెద్ద వెబ్‌సైట్ల మీద దాడికి వాడింది. అలా చిక్కిన కెమెరా మీ అప్‌లోడ్‌ను కూడా తినేస్తుంది. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చండి, ఇంట్లోవారికి చూడడానికి మాత్రమే అనుమతించే ఖాతాలు ఇవ్వండి. బిగించినవారి ఫోనులో మీ కెమెరా ఇంకా ఉందేమో చూసి తీయించండి, సాధారణంగా ఉంటుంది. మన దేశంలో అమ్మే సీసీ కెమెరాలకు 2025 ఏప్రిల్ నుంచి భద్రతా పరీక్షలు తప్పనిసరి అయ్యాయి. కొత్తది కొంటే ఆ ధ్రువీకరణ ఉందో లేదో దుకాణంలోనే అడగండి.

పొరుగింటివారు గొడవ పెడుతున్నారు.

వారి పెరడు, స్నానాల గది కిటికీ చట్రంలో పడుతుంటే వారిదే న్యాయం. ఐటీ చట్టం 66ఈ సెక్షన్ కింద అనుమతి లేకుండా వ్యక్తి రహస్య శరీర భాగాలను చిత్రీకరించడం మూడేళ్ల దాకా జైలుకు తగిన నేరం. కెమెరా తిప్పండి, లేదా ప్రైవసీ మాస్క్‌తో ఆ మూలను నల్లగా కప్పండి. చెరువు మీద పనివారు నిద్రపోయే గది వైపు కూడా కెమెరా ఉండకూడదు.

మోటారు దొంగతనం జరిగింది. ఫోను తెర మీద ఆడుతున్న వీడియోను ఇంకో ఫోనుతో తీసి పోలీసులకు ఇచ్చాను. సరిపోతుందా?

ఆనవాలు పట్టడానికి పనికొస్తుంది, కోర్టులో నిలబడడం కష్టం. మీరు ఫోనులో చూసింది సబ్ స్ట్రీమ్, ముఖం అందులో నాలుగు చుక్కలే. అసలుది కార్డులో ఉంది. ముందుగా ఆ కార్డు మీద కొత్త రికార్డింగు పడకుండా కెమెరా ఆపండి, లేదా వేరే కార్డు వేయండి. డీవీఆర్ అయితే ఆ సమయానికి అటూ ఇటూ అరగంట కలిపి మెయిన్ స్ట్రీమ్‌ను పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించండి. తెర మీది గడియారానికీ అసలు సమయానికీ తేడా ఎన్ని నిమిషాలో కాగితం మీద రాసి ఇవ్వండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఇలాంటి కాపీతో పాటు ధ్రువపత్రం కావాలి, అందులో ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి అంకె) కూడా రాయాలి. దాని నమూనా స్టేషన్‌లో అడగండి. అసలు కార్డు మాత్రం రసీదు లేకుండా ఎవరి చేతికీ ఇవ్వకండి.